బురుజు: పదమూ పదార్థమూ

కోట గోడ వెంబడి కొంత కొంత దూరానికి గోడకంటే ముందుకు పొడుచుకువచ్చి, కావలివారు నిలబడి చూడడానికీ, బాణం వేయడానికీ, తరువాతి కాలంలో ఫిరంగి పేల్చడానికీ వీలు కల్పించే బలిష్ఠమైన కట్టడాన్ని తెలుగులో బురుజు అంటారు. గోడ తిన్నగా సాగిపోతే దాని అడుగుకు చేరిన శత్రువు గోడపై ఉన్నవారికి కనబడడు. అతణ్ణి చూడాలంటే కావలివాడు నడుము వరకు బయటికి వంగాలి, అలా వంగినవాడు దూరాన పొంచి ఉన్న విలుకాడికి సులభంగా దొరికిపోతాడు. ఈ చిక్కుకు విరుగుడుగానే బురుజు పుట్టింది. గోడనుంచి బయటికి వచ్చిన చోట నిలిచినవాడు పక్కకు తిరిగితే చాలు, గోడ మొదలంతా అతని కంటికీ ఆయుధానికీ అందుతుంది. కాబట్టి బురుజు ముఖ్యంగా కాపాడేది తనను కాదు, తన రెండు పక్కలా ఉన్న గోడలనూ ఆ గోడల చివరనున్న పొరుగు బురుజులనూ. తన అడుగును కాపాడుకోవడానికి అది పొరుగు బురుజుల మీదే ఆధారపడుతుంది. కోట నిర్మాణ శాస్త్రమంతా చాలావరకు ఈ పరస్పర రక్షణను లెక్కప్రకారం అమర్చడంలోనే ఉంది.

మాట అరబ్బీది. అరబ్బీలో ‘బుర్జ్’ అంటే ఎత్తైన కట్టడం, గోపురం. దాని బహువచనం ‘బురూజ్’. ఖురాన్‌లోని 85వ అధ్యాయానికి అల్ బురూజ్ అనే పేరు ఉంది. అక్కడ ఆ మాటకు ఆకాశంలోని రాశులు లేదా నక్షత్ర మండలాలు అని అర్థం చెబుతారు. సూర్యుడు ఏడాది పొడవునా ఒక్కొక్క నెల విడిది చేసే పన్నెండు కోటలుగా రాశిచక్రాన్ని ఊహించుకున్న సంప్రదాయం అది. ఉర్దూ పత్రికల రాశిఫలాల్లో ఈనాటికీ సింహరాశిని బుర్జె అసద్ అనే రాస్తారు. పారసీకం ఈ మాటను అరబ్బీనుంచి తీసుకోగా, దక్కనును ఏలిన సుల్తానుల రాజభాష పారసీకం కావడంతో అది మరాఠీలో బురూజ్‌గా, తెలుగులో బురుజుగా స్థిరపడింది. పదం చివర రెండు హల్లులు అచ్చు లేకుండా కలిసి నిలవడం తెలుగు నాలుకకు నచ్చదు గనుక హుక్మ్ హుకుం అయినట్టు, జుల్మ్ జులుం అయినట్టు, బుర్జ్‌లో రెండు ఉకారాలు చేరి బురుజు అయింది. ఈ ప్రయాణంలో అది ఒంటరిగా రాలేదు. కందకం అరబ్బీ ‘ఖందఖ్’ మీదుగా వచ్చింది, దాని మూలం తవ్వినది అనే అర్థంగల ప్రాచీన పారసీక పదం. ఫిరంగి ఐరోపావారిని సూచించే ‘ఫరంగ్’ నుంచి వచ్చింది. కోట యుద్ధానికి సంబంధించిన తెలుగు పదజాలంలో ఇంత భాగం ఒకే దారిన రావడం ఆ యుద్ధతంత్రం ఏ కాలంలో ఎవరి చేతుల మీదుగా మారిందో చెప్పకనే చెబుతుంది.

అరబ్బీకి ముందు ఈ మాట ఎక్కడిది అన్న ప్రశ్నకు పండితులు గ్రీకు వైపు చూపిస్తారు. గ్రీకులో ‘పిర్గోస్’ అంటే కోట గోపురం. రోమన్ సామ్రాజ్యపు చివరి శతాబ్దాలలో సరిహద్దుల పొడవునా కట్టిన చిన్న కావలి కోటలను లాటిన్‌లో ‘బుర్గుస్’ అనేవారు. యుద్ధకళపై గ్రంథం రాసిన వెజీషియస్ ఆ మాటను అదే అర్థంలో వాడాడు. సిరియా, అరేబియా ఎడారుల అంచులలోనూ రోమన్లకు ఇటువంటి కావలి కట్టడాలు ఉండేవి. అక్కడి అరమాయిక్, సిరియాక్ భాషల మీదుగా మాట అరబ్బీకి చేరిందన్నది ఎక్కువమంది ఒప్పుకునే క్రమం. లాటిన్ బుర్గుస్ గ్రీకునుంచి వచ్చిందా, కోటను ‘బుర్గ్’ అనే జర్మనిక్ జాతులనుంచి వచ్చిందా, లేక రెండూ కలిసిపోయాయా అన్నది మాత్రం తేలని వాదం. హాంబర్గ్ వంటి ఊళ్ల పేర్లలో ఉన్నది ఆ జర్మనిక్ బుర్గ్. కోటగోడల లోపల కాపురముండే పట్టణవాసిని ఫ్రెంచివారు ‘బూర్జువా’ అన్నదీ దానినుంచే. గ్రీకు పిర్గోస్ కూడా ‘ఎత్తు’ అనే అర్థంగల ఇండో-యూరోపియన్ ధాతువునుంచి ఏదో మరుగైన భాష ద్వారా వచ్చి ఉంటుందని ఒక ఊహ ఉంది. సంస్కృతంలోని ‘బృహత్’ ఆ ధాతువుదే. ఊహ నిజమైతే తెలుగు ఉపన్యాసాలలో పక్కపక్కన వినబడని బృహత్తు, బురుజు, బూర్జువా అనే మూడు మాటలూ దూరపు చుట్టాలవుతాయి. అయితే భాషాశాస్త్రంలో ఇంత పొడవైన చుట్టరికాలను కొంత అనుమానంతో చూడడమే మంచిది.

మాట రాకముందు వస్తువు లేదని అనుకోకూడదు. కౌటిల్యుని అర్థశాస్త్రం రెండవ అధికరణంలోని దుర్గ విధానం ఈ కట్టడాన్ని ‘అట్టాలకం’ అంటుంది. వెడల్పుకు సరిపడా నలుచదరంగా, ఎత్తుకు తగిన మెట్లతో అట్టాలకాన్ని కట్టాలనీ, ఒకదానికీ మరొకదానికీ నడుమ 30 దండాల దూరం ఉండాలనీ, ముగ్గురు విలుకాండ్రు నిలిచే ‘ఇంద్రకోశం’ అనే చోటు కూడా అమర్చాలనీ అది నిర్దేశిస్తుంది. దండం సుమారు ఆరడుగులనుకుంటే ఈ దూరం దాదాపు 180 అడుగులు అవుతుంది. రెండు అట్టాలకాలమీది విలుకాండ్రు చెరొక సగాన్ని కాచుకుంటే, గోడ మొదట ఉన్న ఏ మనిషీ వంద అడుగులు దాటిన దూరంలో ఉండడు. అంటే గ్రంథకర్త అంకెను అలంకారానికి వేయలేదు, బాణం గురి తప్పకుండా చేరే దూరాన్ని లెక్కలో పెట్టుకున్నాడు. తెలుగులో దీనికి దేశ్యపదం కొత్తళం. కన్నడం, తమిళాలలోనూ ఆ మాట ఉంది. బురుజు వాడుకలోకి వచ్చాక కొత్తళం ఒంటరిగా వినబడడం మానేసి, ‘కోట కొత్తళాలు’ అనే జంటపదంలో మాత్రం నిలిచింది. ఆ జంటను వాడే చాలామందికి రెండవ మాటకు విడిగా ఒక అర్థం ఉందన్న స్పృహ ఉండదు.

కౌటిల్యుడు చెప్పిన నలుచదరపు ఆకారాన్ని నేలమీద చూడాలంటే ఓరుగల్లుకు మించిన చోటు లేదు. గణపతిదేవుడు మొదలుపెట్టగా రుద్రమదేవి పూర్తిచేసిన రాతి ప్రాకారానికి 45 కొత్తళాలు ఉన్నాయి. ఒక్కొక్కటి 40 నుంచి 60 అడుగుల భుజంతో చతురస్రంగా అగడ్తలోకి పొడుచుకువచ్చి ఉంటుంది. లోపల మట్టిదిబ్బ, వెలుపల సున్నం లేకుండా పేర్చిన పెద్ద పెద్ద రాళ్లు, ముందు నీటి అగడ్త, దానికి చాలా దూరాన చుట్టూ మట్టికోట అనే ఈ అమరిక విల్లు, వడిసెల, నిచ్చెన, ఏనుగు వంటి సాధనాలను ఎదుర్కోవడానికి రూపొందింది. కాకతీయ రాజ్యం 1323లో ఢిల్లీ యువరాజు ఉలుగ్ ఖాన్ దండయాత్రతో ముగిసిపోయినా, ఆ చతురస్రాలలో ఈనాటికీ చెక్కుచెదరకుండా నిలిచినవి చాలా ఉన్నాయి.

నలుచదరపు కట్టడానికి రెండు లోపాలున్నాయి. మొదటిది మూల. రెండు ముఖాలూ కలిసే అంచు రాయికి రెండువైపులా ఆధారం ఉండదు గనుక గునపం పట్టినవాడికైనా, రాతిగుండు విసిరే యంత్రానికైనా అదే మొదట లొంగుతుంది. రెండవది ముఖం. పొరుగు కొత్తళంమీదినుంచి వచ్చే బాణాలు చతురస్రపు మూలను రాసుకుంటూ పోతాయి కాని దాని ముందు గోడ అడుగును తాకవు, అందువల్ల అక్కడ ఒక ముక్కోణపు నేల ఎవరి దెబ్బకూ అందకుండా మిగిలిపోతుంది. గుండ్రని కట్టడం ఈ రెండింటినీ చాలావరకు తీరుస్తుంది. అందులో రాళ్లు లోపలికి సన్నగిల్లే ఆప్పుల ఆకారంలో చెక్కబడి ఉంటాయి గనుక బయటినుంచి పడే దెబ్బ వాటిని ఒకదానికొకటి మరింత బిగిస్తుంది. గుండు నిటారుగా తగిలే చోటు చాలా తక్కువ, మిగతా చోట్ల అది ఏటవాలుగా తగిలి జారిపోతుంది. దక్కను కోటలలో చతురస్రం వెనక్కి తగ్గి గుండ్రని బురుజు ముందుకు రావడానికి ఇవి కొంతవరకు కారణాలు. అసలు కారణం మాత్రం మందుగుండు వచ్చిన చాలా కాలానికి గాని బయటపడలేదు.

దాన్ని బయటపెట్టింది 1520 నాటి రాయచూరు ముట్టడి. ఆ కోటకు తెలుగువారితో పాత సంబంధం ఉంది. 1294లో దాని రాతి ప్రాకారాన్ని కాకతీయుల పక్షాన గోన గన్నయ రెడ్డి ఏలుబడిలో కట్టించినట్టు అక్కడి శాసనం చెబుతుంది. ఆ శాసనం చెక్కిన రాయి పొడవే 40 అడుగులు దాటుతుంది. తరువాత అది బహమనీలకూ, బీజాపూరు ఆదిల్‌షాహీలకూ, విజయనగరానికీ నడుమ చేతులు మారుతూ వచ్చింది. కృష్ణదేవరాయల ముట్టడి నాటికి లోపలివారి దగ్గర 200 పెద్ద ఫిరంగులు, అవిగాక అనేక చిన్నవి ఉన్నాయని పోర్చుగీసు రచయిత నూనిజ్ రాశాడు. ముట్టడించినవారి దగ్గర గోడలు కూల్చగల ఫిరంగి బలం లేదు. వారు చేసినది పాత పద్ధతే: గునపాలు, పారలు పట్టుకుని గోడ మొదటికి పోయి రాళ్లు పెరకడం. పెరికిన ఒక్కొక్క రాయికి దాని పరిమాణాన్ని బట్టి 10 పణాలనుంచి 50 పణాల వరకు ఇచ్చేవారని నూనిజ్ చెబుతాడు. అన్ని ఫిరంగులున్న కోట కింద కూలికి రాళ్లు పెరకడం ఎలా సాధ్యమైందన్నదే ఇక్కడ ఆలోచించవలసిన విషయం. ఆ ఫిరంగులు దూరాన ఉన్న దండును కొట్టగలవు గాని, మూతిని కిందికి వంచి గోడ మొదటనున్న మనిషిని కొట్టలేవు, పక్కకు తిరిగి పొరుగు గోడను ఊడ్చనూలేవు. ముట్టడిలో రాయల పక్షాన క్రిస్టోవావో దె ఫిగరేదో అనే పోర్చుగీసు నాయకుడు కొద్దిమంది తుపాకీ వీరులతో చేరి, గోడపై తల చూపిన కావలివారిని ఒక్కొక్కరినే కాల్పించాడు. చివరికి కోట నాయకుడే ఆ తుపాకులవారిని చూడబోయి గోడ సందులోంచి ముందుకు వంగగా, గుండు నుదుట తగిలి చనిపోయాడు. కోట లొంగిపోయింది. కావలివాడు బయటికి వంగవలసి రావడమే తిన్నని గోడకు ప్రాణాంతకమైన లోపమని పైన చెప్పిన సూత్రానికి ఇంతకంటే సూటి నిదర్శనం చరిత్రలో దొరకడం కష్టం.

చరిత్రకారులు రిచర్డ్ ఈటన్, ఫిలిప్ వాగనర్ దక్కను కోటలను అంగుళం అంగుళం పరిశీలించి చెప్పిన మాట ఏమిటంటే, ఈ ఓటమినుంచి పాఠం నేర్చుకున్నది గెలిచిన విజయనగరం కాదు, ఓడిన బీజాపూరు. ఫిరంగి గొట్టానికి రెండు పక్కలా చెవుల వంటి బొడిపెలు పోతపోసి, వాటిని ఇనుప పంగలో కూర్చి, ఆ పంగను బురుజు నడినెత్తిన పాతిన నిలువు ఇరుసుమీద నిలిపితే, తిరగలి రాయి గూటం చుట్టూ తిరిగినట్టు ఫిరంగి ఏ దిక్కుకైనా తిరుగుతుంది. బొడిపెలమీద మూతిని పైకీ కిందికీ కూడా వంచవచ్చు. 16వ శతాబ్దం గడిచేకొద్దీ దక్కను కోటలలో ఇటువంటి అమరికకు తగిన పెద్ద పెద్ద బురుజులు లేచాయి. బురుజు పైకెక్కి చూస్తే నడుమ ఇరుసు గుంట, దాని చుట్టూ వలయాకారపు రాతి కట్టు, పేలినప్పుడు వెనక్కి తన్నే ఫిరంగిని నిలవరించడానికి వెనుకవైపు అడ్డుగోడ ఈనాటికీ కొన్నిచోట్ల కనిపిస్తాయి. ఒకే ఒక్క భారీ ఫిరంగి ఒకే ఒక్క ఇరుసుమీద తిరుగుతూ ఎదుటి నేలనంతా కమ్ముకోవాలంటే, దాని కింది కట్టడానికి గుండ్రనిదనాన్ని మించిన ఆకారం లేదు. ఇరుసునుంచి అంచుకు దూరం అన్ని దిక్కులా సమానంగా ఉంటేనే ఫిరంగి మూతి ఎటు తిరిగినా అంచు దాటి బయటికి ఉంటుంది.

బీజాపూరులోని ఉప్లీ బురుజు ఈ ఆలోచనకు కొసమెరుపు. 1583 ప్రాంతంలో హైదర్ ఖాన్ అనే సేనాని కట్టించిన ఈ 80 అడుగుల గోపురం కోట గోడలో భాగం కూడా కాదు. గోడకు లోపల ఎత్తైన నేలమీద ఒంటిగా నిలిచి, చుట్టూ చుట్టుకుంటూ పైకి పోయే మెట్లతో, నెత్తిన రెండు పొడవాటి ఫిరంగులతో నగరమంతటిపైనుంచి బయటికి కాల్చడానికి ఉద్దేశించినది అది. ఆ రెంటిలో ఒకదాని పొడవు 30 అడుగులు దాటుతుంది. అదే నగరపు పడమటి గోడలోని షేర్జా బురుజుమీద ఉన్న మాలికె మైదాన్ 1549లో అహ్మద్‌నగరులో పోతపోసిన కంచు ఫిరంగి, బరువు సుమారు 55 టన్నులు. అంత బరువును మోసి, అది పేలినప్పుడు పుట్టే తన్నును తట్టుకోవాలంటే బురుజు డొల్లగా ఉంటే కుదరదు. పాత గోపురంలో లోపల గదులు, మెట్లు ఉండేవి. ఫిరంగి యుగపు బురుజు లోపలంతా మట్టీ రాళ్లముక్కలూ దిమ్మిసకొట్టి నింపిన ఘనమైన దిమ్మె. ఈ నింపుడు పైనున్న ఫిరంగి తన్నునూ ఎదుటి గుండు దెబ్బనూ పీల్చుకుంటుంది. దీనివల్ల శతాబ్దాల తరువాత ఏ కష్టం రానున్నదో అప్పటి మేస్త్రీలు ఆలోచించవలసిన అవసరం లేకపోయింది.

ఇదే కాలంలో ఇటలీ మరో దారి పట్టింది. 1494లో ఫ్రాన్సు రాజు ఎనిమిదవ ఛార్లెస్ చక్రాల బండ్లమీద ఈడ్చుకువచ్చిన కంచు ఫిరంగులు ఇటలీలోని ఎత్తైన పాత కోటలను చకచకా కూల్చివేయడంతో అక్కడి వాస్తుశిల్పులు గోడలను పొట్టిగా, మందంగా చేసి, బురుజును బాణపు ములికి ఆకారంలోకి మార్చారు. సాంగాల్లో సోదరులు, వెరోనా నగరానికి మికేలే సాన్‌మికేలి, శతాబ్దంన్నర తరువాత ఫ్రాన్సులో వోబాన్ ఈ పద్ధతిని పెంచి పెద్దచేశారు. దీని వెనుక ఉన్నది సరళమైన జ్యామితి. నలుచదరపు కోట మూలలో 8 మీటర్ల వ్యాసార్ధంతో గుండ్రని బురుజు ఉన్నదనుకుంటే, రెండు వైపుల గోడలకు సమాంతరంగా వచ్చే కాల్పులు ఆ వృత్తాన్ని రెండుచోట్ల రాసుకుంటూ పోయి ముందు ఒక చదరపు మూలలో కలుస్తాయి. వృత్తానికీ ఆ మూలకూ నడుమ మూడు మీటర్లకు పైబడిన లోతుగల నేల ఏ కాల్పులకూ అందదు. సొరంగం తవ్వేవారి గుంపు ఒకటి అక్కడ హాయిగా పని చేసుకోవచ్చు. ఇటలీవారు కాల్పుల గీతలను ముందు గీసి, ఆ గీతల లోపల మిగిలిన ఖాళీనంతా గోడతోనే నింపేశారు. శత్రువు దాక్కునే చోటే బురుజులో కలిసిపోయింది, మొన తేలింది. ఈ కొత్త ఆకారానికి వారు పెట్టిన ‘బస్తియోనె’ అనే పేరు కట్టడం అనే అర్థంగల క్రియనుంచి వచ్చింది. ఇంగ్లీషు బాస్టియన్ దాని వారసురాలు. బురుజు అనే మాటలో ఎత్తు ఉంటే బాస్టియన్ అనే మాటలో ఎత్తు లేదు, నిజానికి ఆ కట్టడంలోనూ లేదు.

ఐరోపా యుద్ధచరిత్ర రాసినవారిలో చాలామంది మొన బురుజును పురోగతికీ గుండ్రని బురుజును వెనుకబాటుకూ గుర్తుగా లెక్కవేశారు. ఈ తీర్పు తొందరపాటుది. ఇటలీ పద్ధతి అనేక మధ్యరకం ఫిరంగులను పక్కగోడల్లో దాచి, ఒకదానినొకటి ఖండించుకునే కాల్పుల వలతో గోడ మొదటిని కాపాడింది. దక్కను పద్ధతి కొద్దిపాటి భారీ ఫిరంగులను ఎత్తున నిలిపి శత్రువు ఫిరంగులు గోడకు చేరువ కాకముందే దూరాన కొట్టాలని చూసింది. కొండలమీద, బండలమీద కట్టిన కోటకు ఎత్తు సహజంగా దొరికే బలం. పల్లపు నేలలోని ఇటలీ నగరాలకు అది లేదు. బండరాతి నేలలో సొరంగం తవ్వడం కష్టం గనుక గోడ మొదట మిగిలే అందని నేలవల్ల వచ్చే ముప్పు కూడా ఇక్కడ తక్కువ. రెండు ప్రశ్నలు వేరైనప్పుడు రెండు జవాబులను ఒకే కొలబద్దతో కొలవడం న్యాయం కాదు. అయితే దక్కను పద్ధతికి ఖర్చు లేదని కాదు. ఒక బురుజుకు ఒకే ఫిరంగి అయినప్పుడు, ఆ ఫిరంగి పగిలినా దాని గోలందాజు పడిపోయినా బురుజు మూగబోతుంది.

గోల్కొండ ఈ పద్ధతి బలాన్నీ బలహీనతనూ ఒకేచోట చూపిస్తుంది. 8 దర్వాజాలు, 87 బురుజులతో కొండను చుట్టిన వెలుపలి ప్రాకారం 1656లో ఔరంగజేబు ముట్టడిని తట్టుకుంది. అప్పుడు అతను షాజహాను తరఫున దక్కను సుబేదారు, తండ్రి ఆజ్ఞతోనే ముట్టడి ఎత్తివేయవలసి వచ్చింది. గండం గడిచినా కుతుబ్‌షాహీలు నిద్రపోలేదు. ఈశాన్యాన కోటకు ఎదురుగా ఉన్న మిట్ట శత్రువు చేతికి చిక్కితే అక్కడినుంచి కోటను కాల్చవచ్చునని గ్రహించి, దాన్ని కలుపుకుంటూ కొత్త గోడ కట్టారు. అదే నయా ఖిల్లా. ఆ భాగంలోని తొమ్మిది మడతల బురుజు చుట్టుకొలత పొడవునా తొమ్మిది ఉబ్బులుగా బయటికి వస్తుంది. ఒక ఉబ్బు మీదివారు పక్క ఉబ్బు మొదటిని కాచుకునే ఏర్పాటు ఒకే బురుజులో ఇమిడి ఉండడం వల్ల, మొన బురుజు సాధించినదాన్ని గుండ్రనిదనాన్ని వదలకుండానే సాధించాలన్న ప్రయత్నం ఇందులో కనిపిస్తుంది. కోట దక్షిణపు వైపున మూసాఖాన్ 1666లో కట్టించిన బురుజు ఆయన పేరుతోనే మూసా బురుజు అయింది. 1687లో ఔరంగజేబు చక్రవర్తిగా మళ్లీ వచ్చి దాదాపు ఎనిమిది నెలలు ముట్టడించాడు. మొగలులు బురుజు కిందికి సొరంగాలు తవ్వి మందుగుండు కూరితే, లోపలివారు ఎదురు సొరంగం తవ్వి మందును చాలావరకు తీసివేశారు. నిప్పు పెట్టగా పేలుడు వెనక్కి తన్ని మొగలు దండునే బలిగొన్నది. ఆ కోట చివరికి ఏ బురుజు కూలడంవల్లా పడలేదు, డబ్బుకు అమ్ముడుపోయిన ఒక సేనాని రాత్రివేళ తెరిపించిన వాకిలివల్ల పడింది.

తెలుగునేలకు మొన బురుజు కూడా వచ్చింది, ఐరోపా కంపెనీల వెంట. బందరు కోట 1759 ఏప్రిల్‌లో ఫ్రెంచివారి చేతిలో ఉండగా, కర్నల్ ఫోర్డ్ ఇంగ్లీషు దండు బురద కయ్యలతో చుట్టుకున్న ఆ కోటకు ఎదురుగా ఫిరంగులు నిలిపి పగలంతా బురుజులను కొట్టింది. లోపలివారు రాత్రిళ్లు వాటిని బాగుచేసుకునేవారు. ఏప్రిల్ 7 రాత్రి కమీలియన్ అనే బురుజులో పడిన గండిగుండా దండు లోపలికి చొరబడింది, తెల్లవారేసరికి కోట లొంగింది. పట్టుబడినవారి సంఖ్య పట్టుకున్నవారి సంఖ్యను మించిపోవడం ఆ ముట్టడిలోని విచిత్రం. దాని ఫలితంగా నిజాం సలాబత్ జంగ్ బందరు సీమను ఇంగ్లీషువారికి ధారపోశాడు. తెలంగాణలో జగిత్యాల కోట ఐరోపా పద్ధతిలో నక్షత్రాకారంలో కట్టినది; పైనుంచి తీసిన చిత్రంలో దాని మొనలు స్పష్టంగా కనిపిస్తాయి. ఇక బొబ్బిలి కోట మట్టిది. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు దాని మూల బురుజులకు గండ్లు కొట్టినా, ఆ గండ్లలో నిలిచి లోపలివారు పగలంతా పోరాడగలిగారు.

కోట లేని బురుజు తెలంగాణ పల్లెల ప్రత్యేకత. ఊరి నడుమనో అంచుననో ఒంటిగా నిలిచిన రాతి, మట్టి బురుజులు వందల ఊళ్లలో ఉండేవి. దోపిడీ దండులు వస్తున్నాయేమోనని పైనుంచి కావలికాయడం, కనబడితే డప్పు మోగించి ఊరిని మేల్కొలపడం, అవసరమైతే తూటులగుండా తుపాకులు పేల్చడం వాటి పని. మొదట్లో చెప్పిన పరస్పర రక్షణ సూత్రం వీటికి వర్తించదు. వీటి అర్థం అరబ్బీ బుర్జ్‌కూ రోమన్ల బుర్గుస్‌కూ దగ్గరగా, కేవలం ఎత్తైన కావలిగా మిగిలింది. ఈ కావలి చరిత్ర 20వ శతాబ్దం దాకా సాగింది. తెలంగాణ సాయుధ పోరాటంలో బైరాన్‌పల్లి గ్రామరక్షక దళం ఊరి బురుజుమీదినుంచి కాపలా కాసి రజాకార్లను పలుమార్లు తిప్పికొట్టింది. 1948 ఆగస్టు 27న రజాకార్లు నిజాం సైన్యంతో, ఫిరంగులతో వచ్చి ఆ బురుజును దెబ్బతీసి ఊరిమీద పడి నరమేధం సాగించారు. దోపిడీ దండుల గుర్రాలకోసం కట్టిన బురుజు ఆధునిక ఫిరంగికి ఎదురు నిలవలేదన్నది సైనిక సత్యమే గాని, అంతవరకు అది ఆ ఊరిని నిలబెట్టిన మాటా అంతే సత్యం.

పట్టణాలలో మాట మాత్రం మిగిలి కట్టడం మరుగైన చోట్లున్నాయి. హైదరాబాదులో పేట్ల బురుజు అనగానే ఈనాడు గుర్తుకొచ్చేది ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి. పొట్టలా ముందుకు ఉబికిన బురుజు గనుక ‘పేట్ల’ అన్నారన్న వివరణే నిజమైతే, ఆ పేరు తగిన చోటే చేరిందనుకోవాలి. దుబాయిలో 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా 2010లో తెరుచుకున్నప్పటినుంచి అరబ్బీ రూపం కూడా గల్ఫ్ వలస వెళ్లిన తెలుగువారి నోళ్లలో నలుగుతోంది.

ఫిరంగి యుగం ముగిసినా బురుజుకు ముప్పు తొలగలేదు, శత్రువు మాత్రం మారింది. 2020 అక్టోబరు భారీ వానలకు గోల్కొండ నయా ఖిల్లాలోని మజ్నూ బురుజులో కొంత భాగం కూలింది. గుండు దెబ్బను పీల్చుకోవడానికి నింపిన మట్టే నీటినీ పీల్చుకుంటుంది. పైనున్న గచ్చు పగిలి, చెట్లు మొలిచి, వేళ్లు రాతి సందులను వెడల్పు చేసినప్పుడు లోపలి మట్టి తడిసి బరువెక్కి, గోడను లోపలినుంచి బయటికి తోస్తుంది. బయటి దెబ్బకు బిగుసుకునే ఆప్పు రాళ్లు లోపలి తోపుకు విడిపోతాయి, ఎందుకంటే వాటిని అందుకోసం చెక్కలేదు. సున్నపు దర్జు ఉన్న గోడలో నీరు సందుల్లోంచి ఎంతో కొంత ఆరిపోతుంది. దానిమీద సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోయి తోపు మరింత పెరుగుతుంది. కాబట్టి పాత బురుజుకు మరమ్మతు చేయబూనిన శాఖలూ పంచాయతీలూ ముందు దాని నెత్తికెక్కి గచ్చునూ నీటి తూములనూ సరిచేయించాలి, చెట్లను వేళ్లతో సహా తీయించాలి, దర్జులకు సున్నమే వాడించాలి. ముందువైపు గోడకు రంగులద్దే పని ఆ తరువాతే.